రుద్దే ముందు ఒకసారి చూడండి

అమ్మవారి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళ మీ ఇంట్లో ఉంటే పది లక్షలు మీవే అని ఊరించే వీడియో ఒక్కసారైనా రాని ఫోను తెలుగునాట అరుదు. ఆ బిళ్ళ కథ చిన్నదే. శ్రీ మాతా వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవానికి గుర్తుగా 2012 సంవత్సరం వేసి, 5, 10 రూపాయల విలువల్లో ప్రభుత్వం ముద్రించింది. కిరాణా కొట్లో ఇస్తే దాని మీద రాసినంత సరుకు వస్తుంది. నాణేలు సేకరించేవాళ్ళు ఇష్టపడితే ఇంకాస్త ఇస్తారు. ఆ లక్షల బేరం సంగతంటారా, అందులో డబ్బు చేతులు మారే మాట నిజమే. కాకపోతే 'రిజిస్ట్రేషన్ ఫీజు', 'పన్ను', 'కమిషన్' అనే పేర్లతో అది మన దగ్గర్నుంచి అవతలివాడికి వెళ్తుంది. తమ పేరు వాడుకుని పాత నోట్లు, నాణేలు కొంటామనేవాళ్ళను నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది.

ఈ గోలలో అసలు సంగతి మరుగున పడిపోయింది. రోజూ చేతులు మారే చిల్లరలో దాచుకోదగ్గ నాణేలు నిజంగానే ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడానికి కావలసినవి కాస్త ఓపిక, ఓ భూతద్దం. వాటిని పాడుచెయ్యడానికి మాత్రం అంత శ్రమ అక్కర్లేదు, మన శుచీ శుభ్రతా చాలు. నలభై ఏళ్ళ పాటు గల్లాపెట్టెల్లో, బస్సుల్లో, హుండీల్లో తిరిగినా పోని వివరాలు చింతపండుతో అయిదు నిమిషాలు తోమితే పోతాయి. అందుకే చూడటం ముందు, దాచడం తర్వాత, తోమడం ఎప్పటికీ వద్దు. ఈ వ్యాసం సారాంశం అదే. మిగతాదంతా వివరణ.

ఏడాది కింద ఏముంది?

నాణెం చేతికి రాగానే అందరూ ఏడాది చూస్తారు. చూపు ఇంకొక్క మిల్లీమీటరు కిందికి దించాలి. మన నాణేలు నాలుగు టంకసాలల్లో తయారవుతాయి. ఏది ఎక్కడ తయారైందో చెప్పే గుర్తు మామూలుగా ఏడాది కిందే ఉంటుంది. వజ్రం ఆకారం ఉంటే ముంబయి. అయిదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాద్. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కలకత్తా. దేశంలో పాత టంకసాలను నేనే కదా, నాకు వేరే గుర్తెందుకు అన్నట్టుంటుంది కలకత్తా వారి ధోరణి.

హైదరాబాద్ నక్షత్రానికి వెనక పెద్ద కథే ఉంది. నిజాం సికందర్ జా కాలంలో, 1803లో ఇక్కడి టంకసాల మొదలైంది. 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్‌లోని ఆ చోటును ఊరు ఇప్పటికీ మింట్ కాంపౌండ్ అనే పిలుస్తుంది. ఒకప్పుడు డబ్బు పుట్టిన ఆవరణలో ఇప్పుడు కరెంటు సంస్థ కార్యాలయం ఉంది. డబ్బుతో దానికి సంబంధం పూర్తిగా తెగిపోలేదన్నమాట.

నక్షత్రం ఉన్నంత మాత్రాన నాణెం అరుదైనది కాదు. హైదరాబాద్ కోట్లకొద్దీ నాణేలు ముద్రించింది. ఒక విలువకు, ఒక ఏడాదికి నాలుగు టంకసాలల నాణేలూ జతచేయడం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు మంచి పని. ఖర్చు తక్కువ, కన్ను పదునెక్కుతుంది.

ఈ నాలుగు గుర్తుల్లో దేనితోనూ సరిపోనిది కనబడితే ఆగాలి. ఎనభైల్లో, మళ్ళీ తొంభైల చివర చిల్లర కొరత తీర్చడానికి ప్రభుత్వం కొన్ని నాణేలను విదేశాల్లో చేయించింది. 1985 రూపాయి మీద 'హెచ్' అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్ నుంచి వచ్చింది. ఎనభైల చిల్లర నాణేల మీద 'సి' అక్షరం ఉంటే కెనడాలోని ఒట్టావా. తొంభైల చివరి నాణేల మీద 'ఎమ్' అక్షరం, దాని మీద చిన్న సున్నా ఉంటే మెక్సికో. రష్యన్ లిపిలో మూడు బుల్లి అక్షరాలుంటే మాస్కో. కూరగాయల బండి దగ్గర చిల్లరగా చేతికొచ్చిన రూపాయి సముద్రాలు దాటి వచ్చిందని తెలియడంలో ఉన్న సంతోషానికి మార్కెట్ ధర లేదు. ఆ నాణేనికీ చాలాసార్లు పెద్ద ధర ఉండదు.

అయస్కాంతం, తక్కెడ, భూతద్దం

పరీక్షకు పెద్ద సామగ్రి అక్కర్లేదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు దాకా తూచే చిన్న డిజిటల్ తక్కెడ, వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్, ఒక అయస్కాంతం, తల తిప్పుకోగల టేబుల్ లైటు ఉంటే చాలు. బల్ల మీద మెత్తటి గుడ్డ పరవాలి, ఎందుకంటే నాణెం చేతిలోంచి జారి తీరుతుంది. పట్టుకునేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచులు మాత్రమే పట్టుకోవాలి. వేళ్ళ చెమటలో ఉప్పు, ఆమ్లం ఉంటాయి. కొత్తగా మెరిసే నాణెం మీద వేలిముద్ర పడితే కొన్నాళ్ళకు అది లోహంలోకి దిగిపోతుంది. తర్వాత ఎవరి చేతిలో పాడైందో కూడా చెప్పేస్తుంది.

వీటిలో అయస్కాంతం చవకైనది, ఎక్కువ విషయం చెప్పేది. 1962 నుంచి 1974 దాకా వచ్చిన పది గ్రాముల రూపాయి నికెల్‌ది కాబట్టి అయస్కాంతానికి అంటుకుంటుంది. 1975 నుంచి 1991 దాకా రూపాయిని రాగి, నికెల్ కలిపిన లోహంతో చేశారు, అది అంటుకోదు. 1992 నుంచి క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది, మళ్ళీ అంటుకుంటుంది. రూపాయి బరువు కూడా అలాగే దిగుతూ వచ్చింది. పది గ్రాముల నుంచి ఎనిమిదికి, 1983లో ఆరుకు, 1992లో అయిదు లోపుకు, 2011లో నాలుగు లోపుకు చేరింది. రూపాయి బరువు తగ్గిందని ఆర్థికవేత్తలు వేరే అర్థంలో అంటుంటారు. తక్కెడ కూడా వాళ్ళతో ఏకీభవిస్తుంది.

ఒక నాణెం తన కాలానికి ఉండాల్సిన లోహం, బరువు, వ్యాసం చూపించకపోతే రెండే కారణాలు. అది దొంగ నాణెం కావచ్చు, లేదా ఒక నాణేనికి ఉద్దేశించిన ఖాళీ బిళ్ళ మీద ఇంకో నాణెం అచ్చు పడి ఉండవచ్చు. రెండో రకాన్ని సేకరించేవాళ్ళు వెతుక్కుంటూ తిరుగుతారు. అయితే మొదటి రకమే ఎక్కువగా దొరుకుతుంది.

తర్వాత లైటు. పైనుంచి నేరుగా పడే వెలుగులో అన్ని నాణేలూ ఒకేలా ఉంటాయి. దీపాన్ని పక్కకు వంచి, నాణేన్ని నెమ్మదిగా తిప్పాలి. చేతులు మారని నాణెం మీద మెరుపు గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుంది. అచ్చు దెబ్బకు లోహం కేంద్రం నుంచి అంచులకు పారినప్పుడు ఏర్పడిన సన్నటి గీతల వల్ల వచ్చేదే ఆ మెరుపు. వాడకంలో అది ముందుగా ఎత్తైన చోట్ల పోతుంది. మన నాణేలపై అశోకుని సింహాల్లో ఎదురుగా ఉన్నదాని ముక్కు, జూలు చూడాలి. రూపాయి బొరుసు వైపు గోధుమ కంకులుంటే వాటి గింజలు చూడాలి. అక్కడ వివరం ఎంత మిగిలిందో దాన్నిబట్టే నాణెం స్థాయి నిర్ణయిస్తారు. ప్రపంచమంతా వాడే 1 నుంచి 70 దాకా ఉన్న కొలమానం అమెరికాలో విలియం షెల్డన్ 1949లో అక్కడి పాత రాగి సెంట్ల కోసం తయారుచేసినది. మన చిల్లరకు అంత సూక్ష్మం అక్కర్లేదు. కొత్తగా ఉంది, కొంచెం అరిగింది, బాగా అరిగింది, ఇది నాణెమేనా అనే నాలుగు తరగతులు చాలు.

చివరగా అంచు. చాలామంది దీన్ని చూడరు. పాత మందపాటి అయిదు రూపాయల బిళ్ళకు అంచు మధ్యలో గాడి, ఆ గాడిలో నగిషీ ఉంటాయి. దొంగ బిళ్ళలు చేసేవాళ్ళకు కష్టం కలగాలని పెట్టిన ఏర్పాటది. గాడి లేకపోయినా, నగిషీ అలుక్కుపోయినట్టున్నా అనుమానించాలి.

అనుమానం మంచిదే, కానీ హద్దు దాటితే ఏమవుతుందో పది రూపాయల బిళ్ళను అడగాలి. పదిహేను గీతలున్నది దొంగదనీ పది గీతలున్నదే అసలుదనీ పుకారు పుట్టి, మన ఊళ్ళలో దుకాణాలవాళ్ళు దాన్ని తీసుకోవడమే మానేశారు. అప్పటిదాకా వచ్చిన 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. అయినా పది రూపాయల బిళ్ళ చూసి మొహం తిప్పుకునే కొట్లు ఇంకా ఉన్నాయి.

టంకసాల పొరపాటా, రైలు పట్టాల పనా?

మిగతా వస్తువుల్లో లోపం ధర తగ్గిస్తుంది, నాణేల్లో పెంచుతుంది. అందుకే లోపాలను ఇంట్లో తయారుచేసే పరిశ్రమ కూడా ఉంది. అసలు లోపం టంకసాల దాటకముందే పుట్టి ఉండాలి. గేటు దాటిన తర్వాత జరిగినదంతా దెబ్బ కిందే లెక్క.

తేలిగ్గా పట్టుకోగలది అచ్చు తిరిగిన నాణెం. మన రూపాయి బిళ్ళను బొమ్మ వైపు నిటారుగా పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పితే బొరుసు కూడా నిటారుగానే కనిపించాలి. వంకరగా గానీ తలకిందులుగా గానీ ఉంటే యంత్రంలో ఒక వైపు అచ్చు సడలి తిరిగిపోయిందని అర్థం. రోజూ వచ్చే చిల్లరలో ప్రతి బిళ్ళనూ ఇలా తిప్పి చూడటానికి రెండు సెకన్లు పట్టదు.

అంచు కొరికినట్టున్న నాణేలు రెండో రకం. లోహపు రేకులోంచి ఖాళీ బిళ్ళలు కత్తిరించేటప్పుడు కత్తెర అప్పటికే రంధ్రం పడిన చోట పడితే చంద్రవంకలా ముక్క తగ్గుతుంది. ఆకురాయితో ఎవరైనా అలా చెయ్యగలరు కదా అంటే చెయ్యగలరు. కానీ అచ్చు పడకముందు ఖాళీ బిళ్ళను యంత్రంలో నొక్కి అంచును లేపుతారు. ఒక వైపు ముక్క లేకపోతే సరిగ్గా దాని ఎదుటి వైపు ఒత్తిడి అందదు. అందుకే నిజమైన కోత ఉన్న నాణెంలో ఎదుటి అంచు కూడా బలహీనంగా ఉంటుంది. ఆకురాయికి ఈ సంగతి తెలియదు.

మూడోది మన దేశంలో వ్యాపారులు లఖీ అని పిలిచే రకం. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుని ఉండిపోతే, తర్వాత వచ్చిన ఖాళీ బిళ్ళ మీద ఒక వైపు బొమ్మ మామూలుగా పడుతుంది. రెండో వైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి గుంటలు పడి కనిపిస్తుంది. బొమ్మ వైపు సింహాలుంటే వెనక కూడా లోతుగా దిగిన సింహాలే ఉంటాయి. రెండు నాణేలను బెంచీ వైస్‌లో బిగించి నొక్కినా ఇలాంటి ముద్ర పడుతుంది. అయితే అలా నొక్కిన నాణెంలో అసలు ముద్ర ఆనవాళ్ళు అడుగున మిగిలి ఉంటాయి, ఎదుటి వైపు చదునవుతుంది. భూతద్దం కింద ఈ తేడా దాగదు.

ఇక సాగదీసినట్టున్న నాణేలు, అక్షరాలు అరిగి నున్నబడినవి, నడిబిళ్ళ ఊడిన పది రూపాయలు దాదాపు అన్నీ బయటి దెబ్బలే. రైలు పట్టాల మీద పెట్టిన రూపాయి అయస్కాంతమవుతుందని నమ్మిన పిల్లలు ప్రతి తరంలోనూ ఉన్నారు. ఆ నాణేల మీద ఉన్న పరిశ్రమంతా రైల్వేదే.

చింతపండు కూరలోకే

పాతది కనబడితే తోమాలనిపించడం మన ఇళ్ళలో సంస్కారం. రాగి చెంబుకు చింతపండు, వెండి కుందికి పళ్ళపొడి పట్టించే చేతికి నల్లబడిన నాణెం కనబడితే ఊరుకోదు. కానీ చెంబు నీళ్ళు తాగడానికి, నాణెం చదవడానికి. చింతపండులోని ఆమ్లం మకిలితో పాటు లోహపు పైపొరను కూడా తినేస్తుంది. పళ్ళపొడిలోని గరుకు రేణువులు వెంట్రుకవాసి గీతలు పెడతాయి. ఇందాక చెప్పిన తిరిగే మెరుపు ఉండేది ఆ పైపొరలోనే. అది పోతే నాణెం తళతళలాడుతుంది కానీ చూడటం వచ్చినవాడికి తోమిన నాణెం దూరం నుంచే తెలిసిపోతుంది. వెండి మీద ఏళ్ళ తరబడి ఏర్పడిన ముదురు రంగు లోహానికి రక్షణ కూడా. కొందరు ఆ రంగుకే ఎక్కువ ఇస్తారు.

మట్టి, జిగురు ఉంటే ఏం చెయ్యాలి? డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు రోజులు నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద అద్ది ఆరనివ్వాలి. నూనె, ప్లాస్టిక్ జిడ్డు అయితే శుద్ధమైన ఎసిటోన్‌లో కాసేపు ఉంచితే కరుగుతుంది. ఎసిటోన్ జిడ్డును కరిగిస్తుంది, లోహాన్ని ముట్టుకోదు. గోళ్ళరంగు తుడిచే ద్రవం దానికి బదులు కాదు, అందులో రంగులు, నూనెలు, సువాసనలు కలుపుతారు. ఎసిటోన్ నిప్పు చూస్తే భగ్గుమంటుంది కాబట్టి ఈ పని వంటగదిలో, దేవుడి దీపం దగ్గర చెయ్యకూడదు. పసుపు కుంకుమ అంటిన నాణేలకూ నీళ్ళే మందు. 1968 నుంచి 1971 దాకా వచ్చిన తామరపువ్వు ఇరవై పైసల బిళ్ళ నికెల్ కలిసిన ఇత్తడిది. ఆ మెరుపు చూసి చాలా ఇళ్ళలో లక్ష్మీపూజకు దాచారు. పూజలో ఉన్నది పూజలోనే ఉండనివ్వండి, సేకరణకు వేరేది వెతుక్కోవచ్చు.

దాచే చోటు

నాణేనికి శత్రువులు తేమ, గంధకం, క్లోరిన్, గరుకుతనం. మన ఇళ్ళలో డబ్బు దాచే సంప్రదాయ స్థలాలన్నింటిలోనూ వీటిలో కనీసం ఒకటి ఉంటుంది. పోపుల డబ్బా అమ్మలకు భద్రమైన బ్యాంకే, కానీ పక్కనున్న ఇంగువలో గంధకం ఉంది, వెండిని నల్లబరుస్తుంది. రబ్బరు బ్యాండ్లలోనూ గంధకం ఉంటుంది. చెక్క బీరువా నుంచి ఆమ్ల ఆవిరులు వస్తాయి. పట్టుచీరల కోసం పెట్టిన నాఫ్తలీన్ ఉండల దగ్గరా నాణేలు పెట్టకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మాత్రం సేకరణ కోసమే కొన్న ఆల్బం. చవకైన మెత్తటి ఆల్బం పేజీలు చాలావరకు పీవీసీతో చేస్తారు. దాన్ని మెత్తబరచడానికి కలిపే నూనె పదార్థం మన ఎండల్లో కొన్నేళ్ళకు బయటికి ఊరుతుంది. ప్లాస్టిక్‌లోని క్లోరిన్ ఆమ్లంగా మారుతుంది. రాగి కలిసిన నాణేల మీద జిగట పచ్చ పొర కడుతుంది. కొత్త పేజీ తెరిచినప్పుడు గాఢమైన ప్లాస్టిక్ వాసన వస్తే దాన్ని అక్కడే వదిలెయ్యడం మంచిది. పాలిప్రొపిలీన్, పాలిథిలీన్, మైలార్ అనే పాలియెస్టర్ సురక్షితమైనవి. మధ్యలో మైలార్ కిటికీ ఉండి, మడిచి పిన్ను కొట్టే అట్ట హోల్డర్లు చవక, పని చేస్తాయి. పిన్నుల కాళ్ళు శ్రావణంతో చదును చెయ్యాలి, లేకపోతే అవి పక్క నాణేన్ని గీస్తాయి. మంచి వాటికి సరైన వ్యాసం ఉన్న గట్టి ప్లాస్టిక్ క్యాప్సూళ్ళు కొనవచ్చు. సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. ఈ రెండూ చెయ్యాలని ఎవరికీ తట్టదనుకుంటాం గానీ, లామినేషన్ యంత్రాన్ని కనిపెట్టినప్పటి నుంచీ తడుతూనే ఉంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలో గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువ. అక్కడ స్టీలు నాణేలకు కూడా తుప్పు చుక్కలు వస్తాయి. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ఆరు నెలలకోసారి మార్చాలి. రాయలసీమలో అంత భయం లేదు, కానీ అక్కడి ఎండకు ప్లాస్టిక్ త్వరగా పాడవుతుంది కాబట్టి అటకలు వద్దు. ఒక్కో నాణేనికి చిన్న చీటీ ఉండాలి. ఏడాది, టంకసాల, బరువు, ఎక్కడ ఎప్పుడు దొరికిందో రాయాలి. హోల్డరు మీద రాసేదైతే నాణెం పెట్టకముందే రాయాలి, పెన్ను ఒత్తిడి నాణెం దాకా వెళ్తుంది.

చట్టం, ధర

నాణేలను కరిగించడం, ధ్వంసం చెయ్యడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం. అదే ఏడాది జూన్ 30 నుంచి పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి మాత్రం చట్టప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, చెల్లదని మీకు ఎవరు చెప్పినా. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి. అమెరికాలో ఉన్న కొడుక్కి విక్టోరియా రూపాయి పంపాలనుకునే నాయనమ్మలు ఇది గుర్తుంచుకోవాలి, మామూలు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. పొలంలో దున్నుతుంటే పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజెయ్యాలని 1878 చట్టం చెబుతుంది. ఆ పది రూపాయల పరిమితి పెట్టినవాళ్ళకు పది రూపాయల బిళ్ళను కొట్లో తీసుకోని రోజు వస్తుందని తెలియదు.

2023లో ఎన్టీఆర్ శతజయంతికి హైదరాబాద్ టంకసాల చేసిన సగం వెండి వంద రూపాయల నాణెం లాంటివి చిల్లరగా రావు. వాటిని నేరుగా సేకరించేవాళ్ళకే అమ్ముతారు. చిల్లరలో దొరికేది వేరు. కొన్నిటికి ముఖవిలువకు కొన్ని రెట్లు, నిజమైన లోపాలున్న కొద్దిటికి ఇంకా ఎక్కువ వస్తుంది, అత్యధిక భాగానికి ముఖవిలువే వస్తుంది. ధర తెలుసుకోవాలంటే అడిగిన ధరలు కాక, వేలాల్లో నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడాలి. అడగడానికి ఎవరికైనా నోరుంటే చాలు.

క్యూఆర్ కోడ్ వచ్చాక చిల్లర చేతులు మారడం తగ్గింది. మిగిలిపోయిన నాణేలు ఇళ్ళలో డబ్బాల్లో, డ్రాయర్లలో ఉన్నాయి. ఈ ఆదివారం మీ ఇంట్లోని డబ్బా బల్ల మీద గుమ్మరించి, ఒక్కో బిళ్ళనూ ఏడాది కింద చూడండి, పేజీలా తిప్పి చూడండి, అయస్కాంతం పెట్టి చూడండి. తోమాలనిపిస్తే వంటింట్లో గిన్నెలు ఉంటాయి, అవి తోమండి.